ముప్ఫై రెండు సీట్లు

బడి బస్సుల ఆఫీసరుగారికి,

మీ నాలుగో నంబరు బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయాను రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే కోప్పడకండి, చేయి ఇంకా కుదురుకోలేదు.

ఆరేళ్లుగా రోజూ సాయంత్రం మీ రిజిస్టరులో వేలిముద్ర వేస్తున్నాను. ఇందులో ఏం రాసుందని మొదట్లోనే డ్రైవరన్నను అడిగాను. "ఏముంటుందమ్మా, నువ్వు డ్యూటీకొచ్చావని" అన్నాడు.

ఆరు నెలల కింద మీ ప్రభుత్వమే పెద్దలకు రాత్రి బడి పెట్టింది. మేం చదువుకుంటే మన దేశం పది దేశాలతో పోటీ పడుతుందని మీరే మైకులో చెప్పారు. దేశం సంగతి నాకు తెలియదు. నిన్న మాత్రం ఆ రిజిస్టరు కూడబలుక్కుని చదివాను. "పిల్లలందరూ సీట్లలో కూర్చునే ప్రయాణించారు" అని ఉంది. సీట్లు ముప్ఫై రెండు, పిల్లలు యాభై ఒక్కరు. పోయిన నెల సడన్ బ్రేకుకు నిలబడ్డ పాప పడి పళ్లు ఊడాయే, ఆ రోజు కూడా ఆ మాట కింద నా బొటనవేలే ఉంది.

అందుకే ఈరోజు వేలిముద్ర వేయలేదు. "కూర్చున్నది ముప్ఫై రెండు, నిలబడ్డది పంతొమ్మిది" అని రాసి సంతకం పెట్టాను. ఇంకో బస్సు వేసేదాకా ఉన్నది ఉన్నట్టే రాస్తాను. మాన్పిస్తే మాన్పించండి. ఈ పని కోసం కాచుక్కూర్చున్నది మా పక్కింటి వదిన. రాత్రి బడిలో ఆవిడ నాకంటే గడగడా చదువుతుంది.

ఒక్కటే మనవి. ఆ పేజీ చించకండి. నా పేరు నేనే రాసుకున్న మొదటి సర్కారు కాగితం అది.