వెనక సీటు లేని కారు

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. పిల్లలు బాగా చదువుతున్నారని, బావ మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. చివర్లో ఎప్పటిలాగే "ఏమైనా విశేషమా?" అని అడిగావు. ఉంది. మీ మరిది కారు కొంటాడట.

ఇందులో ఏం వింత అనుకోకు. ఈయన సంగతి నీకు తెలియనిది కాదు. బళ్ళు రోడ్డెక్కడానికి పనికొస్తాయో లేదో పరీక్షించే ఉద్యోగం. ఏ బండి చూపించినా కాదంటాడని ఆఫీసులో అందరూ చాటుగా "కాదుగారు" అని పిలుస్తారు. గేటు దగ్గర ఈయన్ని చూడగానే లారీ డ్రైవర్లు బండి వెనక్కి తిప్పుకొని, మర్నాడు ఇంకో ఇన్‌స్పెక్టరు ఉన్నప్పుడు వస్తారు. అలాంటి మనిషి ఇన్నాళ్ళూ కనబడ్డ ప్రతివాడికీ ఒకటే చెప్పేవాడు. కొత్త మోడల్ వచ్చిన మొదటి ఏడాది బండి జోలికి పోకండి, కంపెనీవాళ్ళు వాళ్ళ తప్పులన్నీ మొదట కొన్నవాళ్ళ మీదే నేర్చుకుంటారు అని. ఇప్పుడు కొంటానంటున్నది సరిగ్గా అదే. ఒక స్పోర్ట్స్ కారు, ఆ మోడల్ వచ్చిన మొదటి ఏడాదిది, అదీ ఎవరో వాడి అమ్మేస్తున్నది. పైకప్పు అతుకులోంచి వాన కారుతుందట. తడిరోడ్డు మీద మలుపు తిప్పితే వెనక చక్రాలు జారతాయట. రెండో ఏడాది బళ్ళకి ఈ రెండూ సరిచేశారట. ఇవన్నీ నాకు చెప్పింది ఆయనే!

భోజనం దగ్గర ఫొటో చూపించాడు. నేను కార్ల సీట్లు కుట్టేదాన్ని కదా, మొదట సీట్లే చూశాను.

"వెనక సీటేది?" అన్నాను.

"ఉండదు. రెండే."

"మరి..." అని ఆగిపోయాను. ఆయన ఫొటో మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను కంచం తీసుకొని లేచిపోయాను.

ఏడేళ్ళుగా మేము కారు కొనకుండా బస్సుల్లో ఎందుకు వేలాడుతున్నామో నీకొక్కదానికే తెలుసు. ఎప్పుడు కారు చూడ్డానికి వెళ్ళినా ఇద్దరం మొదట వెనక తలుపే తీసి చూసేవాళ్ళం. పిల్లల తాళం ఉందా, కిటికీ ఎంతవరకు దిగుతుంది, ఇవే ప్రశ్నలు. తర్వాత "ముందు అది కానీ, అప్పుడు చూద్దాం" అనుకుంటూ ఇంటికి వచ్చేసేవాళ్ళం. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. అయినా మళ్ళీ ఆస్పత్రి, మళ్ళీ సూదులు, మళ్ళీ షోరూము. ఇప్పుడు ఈయన రెండు సీట్ల కారు తెస్తానంటున్నాడంటే, ఇక మూడో మనిషి రాదని తేల్చేసినట్టే కదా? నన్నొక్క మాట అడక్కుండా తేల్చేశాడు. నాకు ఒళ్ళు మండిపోతోంది. బావ చేత ఒకసారి మాట్లాడించు. తోడల్లుడి మాటంటే కాస్త వింటాడు.

నీ చెల్లి,
పొట్టి

*

అక్కా,

బావ మాట్లాడాడు. మహా బాగా మాట్లాడాడు! వద్దని చెప్పమని పంపిస్తే, ఇంజను గురించి అడిగి అడిగి, ఫోను పెట్టేముందు "కొన్నాక నన్నొకసారి ఎక్కించుకో తోడల్లుడూ" అన్నాడట. తోడు దొంగలు. నువ్వు బావని ఏమీ అనకు, ఇప్పుడు అని లాభం లేదు. కారు కొనేశాం.

అమ్మినతను కుర్రాడే, ఏదో ఆఫీసులో లెక్కలు చూస్తాడు. చిన్న ఇల్లు, సందు చివర. కారు షెడ్డులో పాత దుప్పటి కప్పుకొని ఉంది. ముదురాకుపచ్చ రంగు. అందంగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఈయన నడుం వంచి కిందికి దూరి, చక్రాలు ఊపి, చెవి ఆనించి, ఒక్కో లోపం పైకి చదువుతుంటే ఆ అబ్బాయి మొహం పాలిపోయింది. నాకు లోపల ధైర్యం వచ్చింది. ఇన్ని వంకలు పెట్టినవాడు ఎలా కొంటాడు, కాదుగారు కాదనే అంటాడు అనుకున్నాను.

"ఇంత బాగా చూసుకుంటున్నారు, మరి ఎందుకు అమ్మేస్తున్నారు?" అని అడిగాను. ఊరికే, ఏదో ఒకటి అడగాలని.

"ముగ్గురమయ్యాం కదండీ. ఇందులో ఇద్దరికే చోటు" అని నవ్వాడు.

అప్పుడే వాళ్ళావిడ పాపనెత్తుకొని వచ్చింది. లోపల పొయ్యి మీద ఏదో పొంగుతున్న చప్పుడు. "ఒక్క నిమిషం పట్టుకోండక్కా" అని నా చేతుల్లో పెట్టి పరుగెత్తింది. నన్ను ఎరగదు, నా పేరైనా తెలియదు.

అక్కా, ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. ఆ పిల్లని ఎత్తుకుంటే నాకు గుండె చెరువవుతుందనుకున్నాను. ఏడుస్తాననుకున్నాను. ఏమీ కాలేదు. పిల్ల నా భుజం మీద చొంగ కారుస్తూ నిద్రపోయింది, నాకు చేతులు లాగాయి, వాళ్ళమ్మ ఎప్పుడొస్తుందా అని తలుపువైపు చూస్తూ నిలబడ్డాను. అంతే. ఏడేళ్ళు ఏ బరువు కోసం దేవులాడానో, అది చేతుల్లోకొస్తే దించేద్దామని తొందరపడ్డాను.

తలెత్తేసరికి ఈయన కారు వదిలేసి నన్నే చూస్తున్నాడు. చేతులకి మసి. ఎంతసేపట్నించి చూస్తున్నాడో. అలాగే నన్ను చూస్తూనే ఆ అబ్బాయితో "తీసుకుంటాం" అన్నాడు. బేరం లేదు, మరో మాట లేదు. ఇన్నేళ్ళలో ఆయన నోట ఒక బండికి "సరే" రావడం అదే మొదటిసారి విన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నేను సూదులు మానేసి రెండు నెలలు దాటింది. ఆస్పత్రికని చెప్పి ఇంట్లోంచి బయల్దేరి, బస్టాపులో బల్ల మీద కూర్చొని, వచ్చిపోయే బస్సులు చూసి, వేళ చూసుకొని తిరిగొచ్చేదాన్ని. అలసిపోయానక్కా. నా ఒళ్ళు నాకే పరాయిదైపోయింది. కానీ ఆయనకి చెప్పలేదు. ఎందుకో తెలుసా? నేను వదిలేసినా ఆయన వదలకూడదు. ఇంట్లో ఒక్కరైనా దానికోసం ఎదురుచూస్తుండాలి, ఆ ఒక్కరు ఆయనైతే చాలు, నేను హాయిగా నీరసపడొచ్చు అనుకున్నాను. ఎంత స్వార్థమో చూడు. అందుకే కారు మాట ఎత్తగానే అంత మండిపోయాను. నా వంతు ఆశ కూడా ఆయన మీదే మోపి కూర్చున్నాను. ఆయన దాన్ని దించేస్తే ఇంక ఎవరి దగ్గరా మిగల్లేదు.

ఇంటికొస్తుంటే వాన పడింది. పైకప్పు అతుకులోంచి సరిగ్గా నా ఒళ్ళోకే కారింది.

పొట్టి

*

అక్కా,

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నీ రెండు ఉత్తరాలూ అందాయి. ఆయనకి చెప్పేయమని తిట్టావు, సరిగ్గానే తిట్టావు. ఇప్పుడు ఆయనకి చెప్పేదింకేమీ లేదు. విను.

వాన కారీ కారీ నా వైపు సీటు కుట్లు కుళ్ళిపోయాయి. ఇంట్లోనే సీట్లు కుట్టే మనిషిని పెట్టుకొని చిరుగుల మీద కూర్చుంటామా? సీటు ఊడదీసి మా వర్క్‌షాపుకి తెప్పించాను. ఆ రంగుకి కలిసే తోలు చుట్ట మా ఓనరు దగ్గర ఒక్కటే మిగిలింది, అది నాకిచ్చాడు. కొలతలు తీసుకున్నాను, కోశాను, మిషను మీద కుట్టాను, సీటుకి తొడిగాను. చేయి తిరిగిన పనే కదా, బుర్ర ఎక్కడో ఉన్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. ఆ రోజు సెలవు, మిగతావాళ్ళెవరూ లేరు. సీటు తీసుకెళ్ళడానికి ఈయన వచ్చాడు.

అలవాటు ప్రకారం సీటంతా తడిమి చూశాడు. వీపు ఆనే భాగమూ కూర్చునే భాగమూ కలిసేచోట చేయి ఆగిపోయింది.

"ఇవేంటి?" అన్నాడు.

రెండు చీలికలు. జానెడు ఎడంలో, అంచులు నీటుగా మడిచి కుట్టినవి. మేము కుట్టేవి ఎక్కువగా కుటుంబాల కార్లకేనక్కా. వాటిలో పిల్లల సీటు బిగించడానికి లోపల ఇనుప కొక్కేలుంటాయి, అవి బయటికి అందేలా తోలుకి రెండు చీలికలు వదలాలి. వేల సీట్లకి వదిలి ఉంటాను. దీనికీ వదిలేశాను. ఎప్పుడు కోశానో, ఎప్పుడు అంచులు మడిచానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఈ కారులో అసలు కొక్కేలే లేవు. చీలికలో వేలు పెడితే స్పాంజి తగులుతుంది, అంతే.

అప్పుడు వచ్చింది ఏడుపు. ఆ పాపని ఎత్తుకున్నప్పుడు రానిదంతా వచ్చింది. ఆ తోలుముక్కల మధ్య కింద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన పక్కన కూర్చున్నాడు. "నేను మానేశాను, సూదులు మానేశాను, నీకు చెప్పలేదు" అన్నాను.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నించి?"

"కారు మాట ఎత్తకముందే. పొట్ట మీద సూది గుర్తులు మానిపోయాయి కదా. నాకు కనబడదా?"

మళ్ళీ ఆయనే అన్నాడు. "నువ్వు చెప్పలేక నలిగిపోతున్నావు. అడిగితే మళ్ళీ మొదలుపెడతావని భయమేసింది. నేనే వద్దనుకున్నట్టు చేస్తే, తిట్టినా నన్నే తిడతావు, నీకు తేలికవుతుందనుకున్నా. నాకెందుకే స్పోర్ట్స్ కారు? అందులో కూర్చుంటే నడుం పట్టేస్తోంది."

చూశావా అక్కా! తెలిసి తెలిసి లోపాల బండి కొన్నది నా కోసం. ఇన్నాళ్ళూ ఆయన్ని ఎన్నెన్ని మాటలనుకున్నానో, నీకు రాసినవి అందులో సగమైనా కావు.

కాసేపటికి చీలికలవైపు చూస్తూ "ఇంకొక్కసారి ప్రయత్నిద్దామా? నువ్వు ఊఁ అంటే ఈ కారు రేపే అమ్మేస్తా" అన్నాడు. ఉత్తుత్తి మాట కాదు, నిజంగానే అడిగాడు. ఆయన కూడా వదల్లేదు, పాపం. నా కోసం వదిలినట్టు నటించాడు. నేను కోరుకున్న మనిషి, నా వంతు కూడా ఎదురుచూసే మనిషి, రోజూ నా పక్కనే ఉన్నాడు. అది తెలిసిన రోజునే ఆయనకి జవాబు చెప్పాల్సి వచ్చింది.

నా చేతులకి ఇంకా కావాలనుంది, అది చీలికల్లో కనబడుతూనే ఉంది. కానీ నా ఒళ్ళు ఇక మోయలేదు. అది కూడా నిజమే.

"వద్దు" అన్నాను. ఏడేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆయన తల ఊపాడు.

తోలు ఇంక లేదు, కొత్తగా కోద్దామంటే కుదరదు. కోసిన తోలు మళ్ళీ అతుక్కోదు, కుట్టి మూయడమొక్కటే దారి. దానికి మిషను పనికిరాదు, వంకర సూదితో చేత్తోనే కుట్టాలి, రెండో మనిషి రెండు అంచుల్నీ దగ్గరికి లాగి పట్టుకోవాలి. "పట్టుకో" అన్నాను. ఆయన బొటనవేళ్ళతో గట్టిగా నొక్కిపట్టాడు. నాకు కళ్ళు కనబడక ఒకసారి ఆయన వేలికే గుచ్చేశాను. చేయి తీయలేదు. "నెమ్మదిగా కుట్టు, తొందరేం లేదు" అన్నాడు. ఒకటి అయ్యాక రెండోది. ఆయన కన్నీళ్ళు తోలు మీద పడుతుంటే నేను గుడ్డతో తుడిచి కుట్టుకుంటూ పోయాను, తడిమీద దారం బిగియదు కదా.

రెండూ మూసేశామక్కా. ఇద్దరం కలిసే మూశాం.

నీ చెల్లి,
పొట్టి