మూడు కిటికీలకు మడత తెరలు

నందిగామ,
5-5-1962.

చి. సౌ. ప్రేమకుమారికి,

అత్తమ్మ లూర్దమ్మ మనసారా దీవించి రాయునది. మరియతల్లి దయవల్ల ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. నీ పేరు ముందు ‘సౌ.’ అని రాసి మూడేళ్ళయింది. పెళ్ళి ఇంకా కాకపోయినా ఇవాళే రాశాను.

నీ ఉత్తరం ఈస్టరు మర్నాడే అందింది. జవాబు రాక ఎంత కంగారు పడ్డావో ఏమో. రెండు పేజీలు కొత్త ఇంటి కిటికీల గురించి రాసి, అసలు సంగతి చివరి వరుసలో రాశావు. ఆ ఇల్లు అద్దెకు తీసుకున్నది మీ ఊరి ఆసుపత్రి కాంపౌండరు ఇశ్రాయేలుగారనీ, ఆయన నిన్ను చేసుకుంటానన్నారనీ, నేను వద్దంటే మానుకుంటాననీ.

వారం రోజులు నాకేమీ తోచలేదు. బడికి వెళ్ళి ఆడపిల్లలకు కాజాలు కుట్టడం నేర్పడం, ఇంటికొచ్చి కూర్చోవడం. కృపారావు భార్యగా ఈ ఇంటికొచ్చావు. వాడు పోయాక నాకు కూతురివయ్యావు. మొన్న జనవరిలో జగ్గయ్యపేట బడికి బదిలీ అయ్యేదాకా నా పక్కనే పడుకున్నావు. నా కొడుకు పెళ్ళాన్ని నా చేతులతో ఇంకొకరింటికి పంపాలా అని ఒక పూటంతా కోపంతో ఉడికిపోయాను. నీ మీద కాదు. ఎవరి మీదో నాకే తెలియలేదు.

పోయిన ఆదివారం పూజ నుంచి వచ్చి, నువ్వు పంపిన కొలతల కాగితం కుట్టుమిషను మీద పరిచాను. ఇశ్రాయేలుగారు దుప్పట్లు కట్టేద్దాం అన్నారని చదివి నవ్వొచ్చింది. ఆ వారంలో నవ్వడం అదే మొదలు. సిస్టర్ల మఠంలో మదర్ గారి గదికి నేను కుట్టిన మడత తెరల్లాంటివి కావాలన్నావు. ఆవిడ వాటిని రోమన్ బ్లైండ్లు అనేవారు. తాడు లాగితే గుడ్డ మడతలు పడుతూ పైకి పోవాలి, వదిలితే పలకలా చదునుగా దిగాలి. మీవి చిన్న కిటికీలు కాబట్టి అవే నప్పుతాయి. కుచ్చుల తెరలు వేస్తే గది ఇంకా ఇరుకైపోతుంది.

ముందు గదికి ఇటుకరంగు ఖద్దరు తీసుకున్నాను. రోడ్డు మీద బస్సులు లేపే దుమ్ము దాని మీద కనపడదు. పెద్ద పూల గుడ్డ అడిగావు గాని, మడత పడినప్పుడల్లా పువ్వు సగానికి తెగినట్టుంటుంది, అందుకని తేలేదు. వంటింటికి సన్నగళ్ళ గుడ్డ, తేలిగ్గా ఉతుక్కోవచ్చు. గుడ్డలన్నీ ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి ఆరేశాకే కత్తిరించాను, తరువాత కురచ కాకుండా.

మిగిలింది పడకగది కిటికీ. తూర్పు ఎండ కొడుతుందన్నావు గనక లేత నీలం గుడ్డకు వెనక దళసరి లైనింగు వేయాలనుకున్నాను. కొలత గీశాను గాని కత్తెర ఆడలేదు. ఆ తెర దించి నువ్వు ఎవరి పక్కన ఉంటావో తలపుకొచ్చింది. కన్నతల్లిని కదా ప్రేమా, ఏం చేయను? గుడ్డ అలాగే రెండు రోజులు పడి ఉంది.

పక్కింటి దేవమణి చూసి, “ఆ పిల్ల నిన్నడిగింది కిటికీ గుడ్డ కాదొదినా, నీ మాట. ఔనో కాదో చెప్పెయ్, ఇట్టా నాన్చమాకు” అంది. అది వెళ్ళాక కాసేపు ఏడ్చాను. లేచి గుడ్డ కత్తిరించాను. మూడింటిలో అదే బాగా కుదిరింది.

మా బడి జ్ఞానయ్య మాస్టారు రేపు మీ ఊరికి బస్సులో వస్తూ తెరలు తెచ్చి ఇస్తారు. ప్రతి మడతలో వెదురు బద్ద, వెనక వరుసగా ఇత్తడి రింగులు ఉన్నాయి. పై చెక్కను కిటికీకి జానెడు ఎత్తున బిగించమను. కిటికీ పెద్దదిగా కనబడుతుంది, పైకి లాగినప్పుడు వెలుతురుకు అడ్డం రాదు. తాళ్ళన్నీ కలిపి ఒక్కసారే లాగాలి, లేకపోతే ఒక పక్కకు ఒరిగిపోతుంది.

పెళ్ళికి తప్పకుండా వస్తాను. వత్సవాయి నుంచి మీ నాన్నగారూ వాళ్ళూ వస్తారుగా, నన్నూ వాళ్ళతోనే నీ తరఫున కూర్చోబెట్టు. ఇశ్రాయేలుగారికి నా దీవెనలు చెప్పు.

ఎప్పటికీ నీ మేలు కోరే
అత్తమ్మ
లూర్దమ్మ

తా. క. ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. ఈ మాట దాచి నీ పెళ్ళికి రాలేను. కృపారావుకు జ్వరం ముదిరిన రోజు నువ్వు మంచుగడ్డ కోసం బజారుకు పరుగెత్తావు చూడు, అప్పుడు వాడికి తెలివి వచ్చింది. “అమ్మా, ప్రేమ చిన్నపిల్ల. దాన్ని నీ దగ్గరే కట్టిపడేయమాకు. మంచివాణ్ణి చూసి పెళ్ళి చెయ్” అన్నాడు. నువ్వు వచ్చేసరికి మళ్ళీ స్పృహ లేదు. నా గురించి ఏమన్నా అన్నారా అత్తమ్మా అని అడిగావు. లేదన్నాను. తరువాత ఎన్నిసార్లు అడిగినా లేదనే అన్నాను. నువ్వు వెళ్ళిపోతే ఇంట్లో నాతో మాట్లాడే మనిషే ఉండదని భయపడ్డాను. ఆ భయంతో నీ వయసులో మూడేళ్ళు తినేశాను. క్షమించమనడానికి నోరు రావడం లేదు. వాడు చివరిగా మాట్లాడింది నీ గురించే.