ఒక అత్తగారు, ఇద్దరు కోడళ్ళు, కొన్ని చొక్కాలు

మూడో అంతస్తు అమ్మగారికి,

మన భవనం కుటుంబాలకు మాత్రమే. మీ వాటాలో ముగ్గురు ఆడవాళ్ళుంటున్నారు. హాస్టల్ నడుపుతున్నారా? కుటుంబమని రుజువు చెయ్యకపోతే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి.

ఇట్లు,
భవన సంఘం సెక్రటరీ

తా.క.: బాల్కనీలో మగవాళ్ళ చొక్కాలు కూడా చూశాను!

సెక్రటరీ గారికి నమస్కారం.

హాస్టలా! మా ఇల్లా! పెద్దావిడ మా అత్తగారండీ. నేను పెద్దకోడల్ని, మా చిన్నది రెండో కోడలు. వంట నాది, బజారు పని చిన్నదానిది, మా తగువులు తీర్చడం అత్తగారిది. ఇంతకన్నా కుటుంబం ఎలా ఉంటుంది?

ఉంటాను,
పెద్దకోడలు

తా.క.: చొక్కాలు అత్తగారి అబ్బాయివి.

అమ్మగారికి,

సంతోషం. ఆవిడ కొడుకులిద్దరినీ ఆదివారం ఒకసారి నన్ను కలవమనండి.

ఇట్లు,
సెక్రటరీ

సెక్రటరీ గారికి,

ఇద్దరెక్కడండీ, ఉన్నది ఒక్కడే! నాకు విడాకులిచ్చి చిన్నదాన్ని చేసుకున్నాడు. దాన్నీ వదిలేసి చక్కాపోయాడు. అత్తగారు "వాడు పోతే పోయాడు, నా కోడళ్ళను మాత్రం వదులుకోను" అని మా ఇద్దరినీ ఒక ఇంట్లో చేర్చారు. మాది కుటుంబం కాదంటారా? అయితే కుటుంబమంటే ఏమిటో మీ సంఘాన్ని తేల్చమనండి. మేం అందులో లేకపోతే మాట్లాడకుండా సామాను సర్దుకుంటాం.

ఉంటాను,
పెద్దకోడలు

తా.క.: దొంగల భయానికి ఆ చొక్కాలు ఆరేస్తున్నాం. ఆయనకంటే అవే నయం, చెప్పిన చోట ఉంటాయి.

అమ్మా,

సమావేశం రణరంగమైంది! భార్యాభర్తలు కలిసుంటేనే కుటుంబం అన్నాను. వేరే ఊళ్ళో ఉద్యోగం చేసే భార్య ఉన్న కోశాధికారి కయ్యిమన్నాడు. పిల్లలుండాలి అన్నాను. పిల్లల్లేని కింది వాటా దంపతులు లేచి వెళ్ళిపోయారు. రక్తసంబంధం అన్నాను. పాపను పెంచుకుంటున్న పక్కింటాయన నా మీదికొచ్చాడు! చివరికి "ఇంటికి రావడం ఆలస్యమైతే, ఎక్కడున్నావని అడిగే మనిషి ఉంటే కుటుంబమే" అని తీర్మానించాం. ఒకటే చప్పట్లు! మీరు నిశ్చింతగా ఉండండి.

ఇట్లు,
సెక్రటరీ

తా.క.: చప్పట్లయ్యాక గుర్తొచ్చింది. నన్ను అడిగేవాళ్ళెవరూ లేరు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాల్సింది నేనేనమ్మా.

అన్నయ్య గారికి,

మీ ఉత్తరం చదివి మా చిన్నది ఎగిరి గంతేసింది, అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. ఇకమీదట సాయంత్రం రాగానే మా తలుపు తట్టి "వచ్చాను" అని చెప్పి మరీ పైకి వెళ్ళాలి. ఇది అత్తగారి తీర్మానం, చప్పట్లతో పని లేదు. ఇప్పుడే ఏడున్నరైంది. ఆవిడ గుమ్మంలో నిలబడి అడుగుతున్నారు: ఎక్కడున్నారు?

ఉంటాను,
మీ చెల్లెలు

తా.క.: వచ్చేటప్పుడు మీ పాత చొక్కా ఒకటి పట్టుకురండి. ఆయనవి చిరిగిపోయాయి.