ఫ్లాబర్‌గాస్టెడ్ కుర్చీ

చిరంజీవి మేనల్లుడికి,

ఇక్కడ అందరం బాగున్నాం. కొత్త డాక్టరు భోజనాల బల్లకి ఆరు కుర్చీలు చేయమన్నాడు. మొదటిది చేసి పంపి, సరే అన్నాకే తక్కినవాటికి చెక్క కోయడం నా పద్ధతి, నీకు తెలుసుగా. కుర్చీ వెళ్లింది, చీటీ వచ్చింది. అందులో ఒకటే ఇంగ్లీషు మాట. కూడబలుక్కుని చదివితే 'ఫ్లాబర్‌గాస్టెడ్' అని తేలింది. మెచ్చుకున్నట్టా, తిట్టినట్టా? ఆయన్నే అడిగితే నాకు ఇంగ్లీషు రాదని తెలిసిపోతుంది. నువ్వు నిఘంటువు ఆఫీసులోనే ఉన్నావు కదా, వెంటనే రాయి. రంపం పక్కన పెట్టి కూర్చున్నాను.

మీ మామయ్య

తా.క.: పొడుగు చూస్తే తిట్టులాగే ఉంది.

మామయ్యకు నమస్కారాలు.

ఆ మాట 1772లో, అప్పటి కొత్త ఫ్యాషను మాటల్లో ఒకటిగా అచ్చులో కనబడింది. ఎవరు పుట్టించారో తెలియదు. వదులుగా వేలాడేదాన్ని 'ఫ్లాబీ' అంటారు. హడలిపోయినవాణ్ణి 'అగాస్ట్' అంటారు. ఆ రెండూ కలిశాయేమోనని కొందరి ఊహ.

మీ మేనల్లుడు

తా.క.: అర్థం నేను రాయకూడదు. నాది మాటల పుట్టుక చూసే విభాగం. అర్థాలు చూసే ఆవిడ సెలవులో ఉంది.

ఏరా అల్లుడూ,

నా కుర్చీ వదులా? దాన్ని చూసి ఆయన హడలిపోయాడా? మా ఇంట్లో కుర్చీకీ అవే అతుకులు. దాని మీద మీ అత్తయ్యనీ, వాళ్ల అక్కనీ ఒకేసారి కూర్చోబెట్టాను. కిర్రుమంటే ఒట్టు! అమ్మా అబ్బా ఎవరో తెలియని మాట తెచ్చి నా పనికి అంటగడతాడా? తక్కినవి చేయను. నిలబడి తినమను.

మామయ్య

తా.క.: వాళ్లిద్దరినీ లేపడానికి పక్కింటివాళ్లను పిలవాల్సి వచ్చింది. అది అతుకుల తప్పు కాదు.

మామయ్యా,

కోపం తగ్గించుకోండి. ఆవిడ సెలవు అయిపోయి వచ్చింది. అర్థం: నోట మాట రానంతగా ఆశ్చర్యపోవడం. తిట్టు కాదు. అయితే దేనికి ఆశ్చర్యపోయాడో ఆ మాట చెప్పదు. ఆయన్నే అడగాలి.

మీ మేనల్లుడు

తా.క.: మీ అతుకుల సంగతి ఆవిడకు చెప్పాను. మా ఆఫీసు కుర్చీలు కూడా చూసిపెడతారా అంటోంది.

చిరంజీవి మేనల్లుడికి,

సిగ్గు విడిచి వెళ్లి అడిగాను. కుర్చీని చూసి కాదట. "వడ్రంగి చెప్పిన రోజుకే సరుకు తేవడం నా జన్మలో చూడలేదయ్యా, నోట మాట రాలేదు. అదే రాశాను" అన్నాడు. తర్వాత, "తక్కినవి ఏవీ? గడువు దాటిపోయిందే" అన్నాడు. మీ ఆఫీసు అర్థం కోసం ఆగానని ఎలా చెప్పను? చెక్క ఇంకా కోయలేదన్నాను.

ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

మీ మామయ్య

తా.క.: ఇంకెవరి దగ్గరికి వెళ్లినా ఇంతే కదా అని ఆర్డరు మాత్రం ఉంచాడు.