పంపులో బురద

కామాటిపురా, పన్నెండో గల్లీ,
బుధవారం.

సంధ్యా,

ఇక్కడ నేను, మనాలి బాగానే ఉన్నాం. అత్తమ్మ కాలి కట్టు విప్పారని, గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోందని చదివి మనసు కుదుటపడింది. నీ ఉత్తరం పక్కింటి యాదమ్మ శనివారం ఊరి బస్సు దిగగానే తెచ్చి ఇచ్చింది. ఇది శుక్రవారం ఊరికి పోయే మేస్త్రీ చేతికి ఇస్తున్నాను. ఫోన్‌లో అయితే సగంలో మాట మార్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

మనాలి రోజూ బడికి పోతోంది. నువ్వు అల్లిన జడలంత బాగా నాకు రావని ఏడిపిస్తోంది. నల్లా నీళ్లు ఇంకా వాసనగానే వస్తున్నాయి, కాచి తాగుతున్నాం. ఇక నీ మూడో ప్రశ్న. "మా తమ్ముడి బండి మీద నీకు ఇంత ప్రేమ ఎప్పటినుంచి? గ్యారేజీకి ఇవ్వక ఇంటి ముందుకు ఎందుకు తెప్పించుకున్నావు?" అని రాశావు.

మహేష్ బండిలో నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుంది. వెనక ఇరుసు దగ్గర పిడికిలంత పంపు ఒకటి ఉంటుంది. అది నూనెను నెడితేనే వెనక చక్రాలకు ఆ బలం చేరుతుంది. పోయిన నెల మాల్షేజ్ ఘాట్ కొండదారిలో ముందు చక్రాలు బురదలో జారుతుంటే వెనకవి సాయం రాలేదట. కిరాయికి ఎక్కిన టూరిస్టులు పిల్లలతో సహా వానలో దిగి తోశారట. అది వినగానే "ఎక్కడా ఇవ్వకు, నేను చూస్తా" అని బండి నేనే తెప్పించాను.

ఆదివారం పొద్దున జాకీ పెట్టి లేపి, గోనెసంచి పరుచుకుని కిందికి దూరాను. మన గల్లీ మురుగు గట్టర్ మళ్లీ పొంగింది. వీపుకు తగిలే తడి వాన నీళ్లో ఇంకేమిటో తలుచుకోకుండా పని చేశాను. తుప్పు పట్టిన బోల్టులు కదలడానికే గంట పట్టింది. నూనె వదిలితే నల్లగా, కుళ్లిన కంపుతో చేతుల మీదుగా మోచేతి దాకా కారింది. పంపు బయటికి లాగితే ఒళ్లంతా తెల్లటి పొడి, వైర్ల దగ్గర పచ్చటి చిలుము. పంపు లోపలి జల్లెడ నిండా మడ్డి. ఆ మడ్డి ఒక్క నూనెదే కాదు. అందులో బూడిద రంగు మెత్తటి బురద ఉంది. గోకితే గోళ్లలోకి పోయింది. మూడుసార్లు సబ్బు పెట్టినా ఆ వాసన పోలేదు.

"గీ కంపేంది మంగేషూ, పందికొక్కు సచ్చిందా?" అని యాదమ్మ ముక్కు మూసుకుని తలుపేసుకుంది.

మహేష్ మాత్రం కదల్లేదు. పక్కనే పీట వేసుకుని పానాలు అందిస్తూ కూర్చున్నాడు. చిలుము బ్రష్‌తో తోమి, జల్లెడ పెట్రోల్‌లో కడిగి, వైర్లు బ్యాటరీకి ఆనిస్తే మోటారు జుయ్యిమంది. వాడి మొహం వెలిగిపోయింది.

"నువ్వుండంగ నాకేం ఫికర్ బావా," అన్నాడు. పోయి వడాపావ్ తెచ్చాడు. "నీ చేతులు కరాబున్నయ్. నోరు తెర్వు," అని తనే తుంచి నా నోట్లో పెట్టాడు.

ఒక్క ముద్ద. వెంటనే గట్టర్ దగ్గర కూర్చుని కక్కేశాను. నూనె వాసన పడలేదనుకుని మహేష్ నా వీపు నిమిరాడు.

సంధ్యా, పాత బండ్లు అమ్మే యార్డులో నేను బండ్లు కడుగుతానని నీకు తెలుసు. ఎలాంటి బండ్లో ఎప్పుడూ చెప్పలేదు. వరదలో మునిగినవి ట్రక్కుల మీద వస్తాయి. సీట్లు పీకి, బురద గీకి, ఎండబెట్టి, లోపల సెంటు కొట్టి అమ్మకానికి నిలబెడతాం. మహేష్ బండీ నేనే కడిగాను. వెనక సీటు కింద నుంచి చచ్చిన చేపను ఈ చేత్తోనే తీశాను. కొనే రోజు వాడు యార్డు సేఠ్ ముందే అడిగాడు, "బావా, నువ్ జెప్పు, తీస్కోనా?" అని. "తీస్కో, మంచి బండి," అన్నాను. నన్నెవరూ బెదిరించలేదు. సేఠ్ నా వైపు చూస్తున్నాడు, అంతే. అలవాటుగా నోరు ఆ మాట అనేసింది. ఏ గ్యారేజీ వాడు పంపు విప్పినా ఆ బురద చూసి వరద బండి అని చెప్పేస్తాడు. నువ్వు ప్రేమ అనుకున్నది ఆ భయమే.

నోరు కడుక్కుని మహేష్‌తో ఇదంతా చెప్పాను. వాడు చేతిలోని పావ్ కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు.

"బ్రేకులు గూడ గిట్లనే ఉన్నయా?" అన్నాడు.

"తెల్వదు. నేను చూడలే."

"ఘాట్‌ల పిల్లలుండిరి బండ్ల."

ఇద్దరం టార్చి వేసి చూశాం. వెనక బ్రేకు పైపు మీద వేలు పెడితే తుప్పు పెచ్చులుగా ఊడి వచ్చింది. వాడు లేచి చేతులు దులుపుకున్నాడు.

"అక్కకు ఎరుకనా?"

"లేదు."

"నువ్వే జెప్పు. నేనైతే జెప్ప," అని తాళం చెవి నా పక్కన పెట్టి, వర్లికి నడుచుకుంటూ పోయాడు.

సోమవారం కొత్త పైపులు వేశాను. రబ్బరు రింగులు మార్చి పంపు ఎక్కించాను, కొత్త నూనె పోశాను. ఇప్పుడు నాలుగు చక్రాలూ బాగా లాగుతున్నాయి. యార్డుకు పోవడం మానేశాను. నా చేతి మీదుగా పోయిన బండ్లు కొన్నవాళ్లలో ఇద్దరి నంబర్లు దొరికితే ఫోన్ చేసి చెప్పాను. ఒకాయన నన్ను తిట్టిన తిట్లు నీకు రాయను, అన్నీ నాకు తగినవే.

నిన్న మహేష్ వచ్చాడు. నేరుగా బండి కిందికి దూరి, నేను బిగించిన ప్రతి నట్టునూ మళ్లీ తన చేత్తో బిగించి చూసుకున్నాడు. నేను పక్కన నిలబడి టార్చి పట్టాను. అంతా అయ్యాక తాళం చెవి తీసుకుని పోయాడు.

అత్తమ్మకు ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం. నువ్వు వచ్చి ఏమన్నా వింటాను.

ఇట్లు,
మనాలి నాయిన,
మంగేష్