ఎర్ర వైరు ముక్క

జూన్ 3
పెట్ట మళ్లీ పొదుగుకొచ్చింది. గుడ్లు తీసేసినా ఖాళీ బుట్టలోనే కూర్చుంటోంది. సుగుణ బకెట్ నీళ్లలో మూడుసార్లు ముంచి తీసింది. "మా పామర్రులో ఇంతేనండీ, ఒళ్లు చల్లబడితే మానేస్తాయి." వదలగానే తడి రెక్కలతో తిన్నగా బుట్టలోకే పోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి...

జూన్ 4
బెంజ్ సర్కిల్ వెనక అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ సర్వీసు. తలుపు పడకపోతే లిఫ్ట్ కదలదు — దాని స్వభావం అది. తలుపు తెరిచి నడిపి చూడాలంటే తలుపు స్విచ్‌కి ఎర్ర వైరు ముక్క కలిపి ఆ స్వభావాన్ని కాసేపు నిద్రపుచ్చుతాం. పనయ్యాక తీసేయాలి. పదహారేళ్లుగా చెయ్యే తీసేస్తోంది. నేను ఆలోచించను.

జూన్ 5
పొద్దున సుగుణ చొక్కా ఉతకబోతూ జేబు తడిమింది. "ఒకటే ఉందేంటండీ?" రోజూ రెండు ఎర్ర వైరు ముక్కలుంటాయి.
వాచ్‌మన్‌కి ఫోన్ చేసి లిఫ్ట్ ఆపించాను. ఇబ్రహీంపట్నంలో ఇంటి నుంచి బండి మీద పరుగు. రెండోది నేను పెట్టినచోటే ఉంది. తీసేశాను. సర్వీసు కార్డు మీద 'అంతా సరిగ్గా ఉంది' — కింద నా సంతకం. అదీ చెయ్యే పెట్టింది.
ఎవరికీ ఏమీ కాలేదు.

జూన్ 6
తప్పు రాశాను. అయింది.
వాచ్‌మన్ ఫోన్ చేస్తే వెళ్లాను. ఐదో అంతస్తు మామ్మగారు రమ్మన్నారట. మొన్న సాయంత్రం తలుపు వేయకముందే లిఫ్ట్ కదిలిందట. కాలు వెనక్కి లాక్కుని పడ్డారు. మోచేతికి కట్టు. కొడుకు నమ్మడం లేదు. "తలుపు తీసుంటే లిఫ్ట్ కదలదమ్మా. నీకే మతి తప్పుతోంది." ఇక ఒంటరిగా కిందికి దిగొద్దన్నాడట.
"నువ్వు చెప్పు బాబూ, అలా కదుల్తుందా?"
"కదలదండీ."
ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.
"అయితే నాకే..." అని తలూపి లోపలికి వెళ్లిపోయారు. సిగ్గేసింది.

జూన్ 7
పెట్ట బుట్టలోనే.

జూన్ 8
"ఏంటండీ అదోలా ఉన్నారు?" — సుగుణ.
"ఏం లేదు."
పెళ్లైన నాటి నుంచీ నాది ఇదే జవాబు. ఏమడిగినా ఇదే.

జూన్ 9
సుగుణ బుట్ట తీసి అటక మీద పడేసింది. బుట్ట ఉన్నచోటే, వట్టి నేల మీద కూర్చుంది పెట్ట.
నాలుగో అంతస్తు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. వైరు ముక్క జేబులో ఉంది. ఉద్యోగం పోతే పోనీ. చెప్పాలి. ఇంకొక్క అంతస్తు...
పైన తలుపు తెరిచిన చప్పుడు. మామ్మగారి గొంతు — "ఎవరూ, మెట్ల మీద?"
"ఏం లేదండీ" అనేశాను.
ఆవిడ ఇంకా తలుపు వేసుకోలేదు.