మడమా, మడీ

3 నవంబర్ 2025, సోమవారం

ఈ రోజు బస్సు వెనక పరుగెత్తినా.

మా ఆయన త్రివిక్రమ్‌ది ఆళ్లగడ్డలో బ్యాంకు ఉద్యోగం. రోజూ నంద్యాల నుంచి పోయి వస్తాడు. పొద్దున క్యారియర్ మరిచి పోయినాడు. నేను స్కూటీ మీద బస్టాండుకు పోయేసరికి బస్సు కదిలింది. ఒక చేత్తో కుచ్చిళ్లు, ఒక చేత్తో క్యారియర్ పట్టుకుని ఒకటే లగెత్తినా. గేటు దాటకముందే అందుకున్నా. బస్సులో ఎవరో చప్పట్లు కొట్టినారు. ఆయన కిటికీలోంచి నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసినాడు.

సిగ్గుపడాల్సింది. పడలేదు. ఒళ్లు దూదిలాగా తేలిపోయింది. నలభై రెండేళ్లొచ్చినాయి, బడి వదిలినాక పరుగెత్తిందే లేదు. సీడ్ కంపెనీ లాబ్‌లో నా పనంతా ట్రేల ముందు కూర్చుని మొలకలు చూడడమే. ఈ రోజు కూర్చోబుద్ధే కాలేదు.

6 నవంబర్, ఉదయం 7

లాబ్‌లో నా పక్క సీటు సుజాత. రోజూ గ్రౌండుకు పోతాది. ఈ రోజు నన్నూ తీసుకపోయింది. బీరువా కింద ఉండే పాత గుడ్డ షూస్ వేసుకుని పోయినా. సగం రౌండుకే ఆయాసం వచ్చి నిలబడిపోయినా. నవ్వు ఆగలేదు. సుజాత ఏందీ అట్ల నవ్వుతాండావ్ అనింది. తెలీదు అన్నా.

14 నవంబర్

ఆపకుండా ఒక రౌండు!!

19 నవంబర్

ఆళ్లగడ్డలో జనవరి ఆఖర్లో 5K రన్ అంట. అక్కడి కుర్రోళ్లు పెడతాండారు. త్రివిక్రమ్ పాంప్లెట్ తెచ్చి నా ముందర పెట్టినాడు. సరదాకే పెట్టినాడు. నేను వెంటనే పేరిచ్చేసినా. ఆయన నోరు తెరుచుకుని చూసినాడు.

అత్తమ్మ పేరు గోదాదేవి. అహోబిలం మనిషి. మామగారు అక్కడ గుళ్లో కైంకర్యం చేసినవారు, ఆయన పోయినాక మా దగ్గరికి వచ్చింది. మడి, ఆచారం గట్టి. యాడికి పరుగెత్తాలంట, ఎవరన్నా తరుముతాండారా అని అడిగింది. తిట్టలేదు మాత్రం.

రేపట్నుంచి రెండు పూటలా.

25 నవంబర్, ఉదయం

మంచం మీంచి దిగి కుడి కాలు కింద పెట్టినా. మడమలో మేకు దిగినట్టయింది. అమ్మా అని అరిచినా. నాలుగడుగులు కుంటినాక తగ్గింది. తగ్గింది కదా అని గ్రౌండుకు పోయినా.

28 నవంబర్

పోకుండా ఉండాల్సింది. లాబ్‌లో కుర్చీలోంచి లేచినప్పుడల్లా అదే మేకు. సుజాత షూస్ చూపించమంటే ఎత్తి చూపించినా. అడుగు అప్పడంలాగా పల్చబడింది. దీంతోనా ఇన్నాళ్లూ పరుగెత్తింది అని తల పట్టుకునింది.

సాయంత్రం అత్తమ్మ ఇటుక వేడి చేసింది. పైన జిల్లేడాకు పరిచి మడమ ఆనించమనింది. ఎంత వేడి ఉండాలో, ఎక్కడ ఆనించాలో చేత్తో పట్టి మరీ చూపించింది. హాయిగా ఉండింది. పొద్దునకు మళ్లీ మామూలే.

2 డిసెంబర్

ఫిజియో దగ్గరికి పోయినా. డాక్టర్ లావణ్య. చిన్న పిల్ల, గట్టి వేళ్లు. మడమ లోపలి పక్క నొక్కింది, నేను బల్ల మీంచి లేచి కూర్చున్నా. ఇదే అనింది.

అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా గట్టి పట్టీ ఉంటాదంట. అలవాటు లేని కాలు ఒక్కసారిగా ఎక్కువ పరుగెత్తితే అది వాస్తాదంట. పడుకున్నంతసేపూ ముడుచుకునుంటాది, పొద్దున మొదటి అడుగుకు సాగి ప్రాణం తీస్తాది. తగ్గుతాది కానీ నిదానం కావాల. ఇప్పటికి పరుగు బంద్. పిక్కలకు స్ట్రెచ్‌లు. ఐసు కట్టిన నీళ్ల బాటిల్ పాదం కింద దొర్లించాల. మంచి షూస్. అన్నిటికన్నా ముందు, ఇంట్లో ఉత్త కాళ్లతో గచ్చు మీద నడవకూడదు. మెత్తటి చెప్పులు వేసుకునే తిరగాల.

వంటింట్లో కూడానా అని అడిగినా. అక్కడే కదా ఎక్కువసేపు నిలబడేది అనింది.

పాపం, ఆమెకు మా వంటిల్లు తెలీదు.

2 డిసెంబర్, సాయంత్రం

చెప్పినా. అత్తమ్మ పప్పు రుబ్బేది ఆపి నా వైపు చూసింది. స్వామి పటం ఉండేదే వంటింటి మూలన. అక్కడ వండిందే ఆయనకు నైవేద్యం. "ఈ గడప లోపల చెప్పులా? నేనుండంగానా?" అనింది. అంతే. మళ్లీ రుబ్బుకునింది.

4 డిసెంబర్

నన్ను నిలబడనీకుండా త్రివిక్రమ్ వంట చేసినాడు. చారులో చింతపండు మరిచినాడు. అత్తమ్మ అదే కలుపుకుని తినింది. కొడుకు వండినాడని ముద్దో, నా మీద కోపమో తెలీలేదు.

7 డిసెంబర్, ఉదయం 6

ఇది ఇప్పుడే రాయాల.

నీళ్లు తాగేదానికి లేచినా. అత్తమ్మ మంచం మీద కూర్చునింది. కాళ్లు కింద పెట్టింది. వెంటనే లేవలేదు. గోడ పట్టుకునింది. మునివేళ్ల మీద ఒక అడుగు, ఆగి ఇంకో అడుగు. మొహం బిగబట్టి. తలుపు దాకా వచ్చేసరికి మామూలుగా నడిచింది.

ఆమె మా దగ్గరికి వచ్చినప్పట్నుంచి ఈ నడక చూస్తానే ఉన్నా. పెద్దామె, కీళ్లు పట్టేసినాయి అనుకున్నా. అది కీళ్లు కాదు. అది నా నడక.

7 డిసెంబర్, మధ్యాహ్నం

అడిగినా. మడమా అని. అత్తమ్మ మొదట లేదనింది. నేను కదలకుండా ఎదురుగానే కూర్చున్నా. అప్పుడు చెప్పింది. అహోబిలంలో ఉన్నప్పట్నుంచీ అంట. తెల్లారకముందే లేచి రాతి బండల మీద నీళ్లు మోసేది, ప్రసాదాలకు గంటలు గంటలు నిలబడేది. త్రివిక్రమ్ చిన్నోడప్పుడే పట్టుకునిందంట. ఇటుక వైద్యం ఎట్ల వచ్చిందో ఇప్పుడర్థమైంది.

మామగారికి చెప్పలేదా అంటే, మడమ నొప్పని ఎవరన్నా పని ఆపుతారా అనింది. కోపంగా కాదు. నిజంగానే అడిగినట్టు.

నాకు ఏడుపొచ్చింది. నా నొప్పికి రెండు వారాలు ఇల్లంతా కదిలింది. ఆమెది ఎవరికీ తెలీదు.

లేపి స్కూటీ ఎక్కించినంత పని చేసినా. రేపు లావణ్య దగ్గరికి.

8 డిసెంబర్

లావణ్య మడమ నొక్కింది. అత్తమ్మ అరవలేదు. కళ్లలో నీళ్లు మాత్రం తిరిగినాయి. లావణ్య ఆమె పాదం రెండు చేతుల్లో పట్టుకుని, ఇన్నేండ్లు ఎట్ల ఓర్చుకున్నావవ్వా అని అడిగింది. దీనికి పేరుందా అని అత్తమ్మ అడిగింది. ప్లాంటార్ ఫేషియైటిస్ అని చెప్పింది ఆ పిల్ల. దారి పొడుగునా స్కూటీ వెనక కూర్చుని అత్తమ్మ ఆ పేరు పలికేదానికి చూసింది. ఇంటికొచ్చేసరికి 'ఫేషీ' దగ్గర ఆగింది.

9 డిసెంబర్

పొద్దున వంటింట్లోకి పోతే గడప లోపల రెండు జతల కొత్త చెప్పులు. పసుపు నీళ్లతో కడిగి, ఆరబెట్టి. నిన్న సాయంత్రం త్రివిక్రమ్‌ను పంపించి తెప్పించిందంట. తోలు కాదు కదా అని షాపు నుంచి మూడుసార్లు ఫోన్లో చెప్పించుకునిందంట.

నేను నోరు తెరవకముందే తనే మొదలుపెట్టింది. వాళ్ల మామగారు పావుకోళ్లు వేసుకునే పూజ గది దాకా పోయేవారంట. కట్టెవైతే ఒప్పు, రబ్బరువైతే తప్పా? తనే అడిగి, కాదులే అని తనే తేల్చేసింది. ఇవి బయట మట్టి తొక్కకూడదు, అంతే అనింది. తర్వాత ఆమె జత వేసుకుని పొయ్యి దగ్గర నిలబడింది.

"మెత్తగా ఉండాది," అనింది.

20 డిసెంబర్

ఇద్దరం హాల్లో పక్కపక్కన గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కి పెట్టి పిక్కలు సాగదీస్తాండాం. ఆఫీసు నుంచి వచ్చిన త్రివిక్రమ్ గోడ పడిపోతాందా అని అడిగినాడు. నువ్వూ పట్టు అనింది అత్తమ్మ. పట్టినాడు.

5 జనవరి 2026

ఈ వారం పొద్దున మేకు సూదిగా మారింది. లావణ్య కొత్త షూస్‌తో కొంచెం పరుగు, కొంచెం నడక మొదలుపెట్టమనింది. గ్రౌండులో కాలు పెట్టంగానే మొదటిరోజు వచ్చిన పిచ్చి నవ్వు మళ్లీ వచ్చింది.

ఆళ్లగడ్డకు పోవచ్చంట. ఒకటే షరతు. నొప్పి పెరిగితే పరుగు ఆపి నడవాల. ఒట్టు వేయించుకునింది.

25 జనవరి, ఆదివారం, ఆళ్లగడ్డ నుంచి వచ్చే బస్సులో

ఇంటికి పోయేదాకా ఆగలేను, ఇక్కడే రాస్తాండా.

చీకటి విడిపోయే వేళకు అహోబిలం రోడ్డు మీద అందరం నిలబడినాం. మంచు. చేలల్లోంచి తడి వాసన. విజిల్ ఊదినారు. నేను నిదానంగానే మొదలుపెట్టినా. ముందర ఎవరెవరో పోతాండారు, పోనీ అనుకున్నా. నాకు నా ఊపిరి చాలు. సగం దూరంలో వెనక్కి తిరిగినాక మడమలో సూది మళ్లీ మేకయింది.

ఆపేది ఎంత కష్టమో! కాళ్లు పోదాం అంటాండాయి. చిన్నపిల్లలు కూడా నన్ను దాటుకుని పోతాండారు. ఒట్టు గుర్తొచ్చింది. నడిచినా. కండ్లలో నీళ్లు కారుతానే నడిచినా.

చివరి మలుపు దగ్గర త్రివిక్రమ్, పక్కన అత్తమ్మ. నా మొహం చూసింది. తాడు కిందికి వంగి రోడ్డు మీదికి వచ్చేసింది. వాలంటీరు అడ్డమొచ్చి నెంబరు లేనోళ్లు రాకూడదవ్వా అన్నాడు. "నాకు నెంబరెందుకప్పా, కోడలితో నడుస్తాండా," అని అతన్ని పక్కకు జరిపింది. నా చెయ్యి పట్టుకునింది. రోడ్డుకు రెండు పక్కలా జనం మా ఇద్దరికీ ఈలలు వేసినారు. అత్తమ్మ ఒక్కసారి వాళ్లను చూసింది, చీర కొంగు నడుముకు దోపింది, నడక పెంచింది. నేనే వెనకబడినా!

గీత దాటంగానే ఒక ఆడపిల్ల పరుగెత్తుకొచ్చి మెడల్ అత్తమ్మ మెడలో వేసింది. నా కోసం ఇంకొకటి తెచ్చేదానికి పోయింది. ఇచ్చేయాలేమో అత్తమ్మా అన్నా. వేసినాక యాడ ఇచ్చేది అనింది.

ఇప్పుడు నా పక్కనే కిటికీ సీటు. మెడల్ రెండు వైపులా తిప్పి చూస్తాంది.

26 జనవరి

ఫోన్లో అత్తమ్మ అహోబిలంలో ఉండే వాళ్ల చెల్లెలితో మాట్లాడతాండేది వినబడింది. "లేదులేమ్మా, గెలవలేదు. ఈసారికి నిదానంగా పోయినాం. వచ్చే ఏడు చూస్తాం."